స్టీల్‌హెడ్‌కి గుడ్ల ఎర: ఏ హుక్కు, ఏ కట్టు?

మొదటిసారి చలికాలంలో స్టీల్‌హెడ్ చేపల కోసం అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు స్కైకోమిష్ నదికి వెళ్ళినప్పుడు నా డబ్బాలో ఉన్నవన్నీ 3/0 హుక్కులే. ఎనిమిది, పది పౌండ్ల చేపలంటున్నారు కదా, దానికి తగ్గ గట్టి గాలం ఉండాలని నా లెక్క. నాకు ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డ ఒక పెద్దాయన మధ్యాహ్నంలోపు రెండు చేపల్ని ఒడ్డుకి లాగాడు. నా బెండు మాత్రం రాయి తగిలినప్పుడు తప్ప మునగలేదు. వెళ్ళిపోతూ ఆయన నా హుక్కు పట్టుకుని చూసి నవ్వాడు. తన పెట్టెలోంచి నాలుగు చిన్న హుక్కులు తీసి నా చేతిలో పెట్టాడు. రెండో నంబరు ఆక్టోపస్ హుక్కులు. నా వాటి పక్కన పెడితే పిల్లల్లా ఉన్నాయి. "ఇంత చిన్నదానికి పడుతుందా?" అంటే, "చేప తినేది గుడ్లని, నీ హుక్కుని కాదు" అన్నాడు.

ఆ రోజు నాకేమీ పడలేదు లెండి. కానీ తర్వాత కొన్నది, మార్చింది, పారేసింది అంతా ఆ మాట చుట్టూనే తిరిగింది. సియాటెల్‌కో, పోర్ట్‌లాండ్‌కో, క్లీవ్‌ల్యాండ్‌కో ఉద్యోగానికి వచ్చి, చిన్నప్పుడు కాలవగట్టున వానపాము గుచ్చి జెల్లల్ని పట్టిన సరదా ఇంకా పోనివాళ్ళుంటే, వాళ్ళ కోసం ఇది. షాపులో హుక్కుల గోడ ముందు నిలబడితే బుర్ర తిరుగుతుంది. అన్నీ కొనక్కర్లేదు.

ముందు చేప సంగతి రెండు ముక్కల్లో. స్టీల్‌హెడ్ అంటే వేరే జాతి కాదు, రెయిన్‌బో ట్రౌటే. నదిలో పుట్టి, సముద్రానికి వెళ్ళి పెరిగి, గుడ్లు పెట్టడానికి తిరిగి నదికెక్కేదాన్ని స్టీల్‌హెడ్ అంటారు. గోదావరికి ఎదురీదే పులస గుర్తొస్తుంది కదా, ఆ బాపతే. పసిఫిక్ సాల్మన్లు గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి. వీటిలో కొన్ని మాత్రం మళ్ళీ సముద్రానికి పోయి ఇంకో ఏడాది తిరిగొస్తాయి. నదిలోకి వచ్చాక దీనికి పెద్దగా ఆకలుండదు. అయినా సాల్మన్లు పెట్టిన గుడ్లు నీళ్ళలో కొట్టుకొస్తుంటే నోట్లో వేసుకునే అలవాటు చిన్నప్పటినుంచీ ఉంది. అందుకే గుడ్ల ఎర పనిచేస్తుంది. అయితే మింగేద్దామని పట్టుకోదు. నోట్లో పెట్టుకుని, నలిపి, తేడాగా అనిపిస్తే ఉమ్మేస్తుంది. ఆ ఒకటి రెండు సెకన్లే మనకున్న అవకాశం.

దీన్నిబట్టి హుక్కు చెయ్యాల్సిన పనులు రెండు. ఒకటి, గుడ్లు నీళ్ళలో మామూలుగా కొట్టుకుపోతున్నట్టే ఉండాలి, హుక్కు బరువుకి కిందికి ఈడ్చుకుపోకూడదు. రెండు, చేప నోరు మూసిన క్షణంలో మొన బయట ఉండాలి, గుడ్ల ముద్దలో కూరుకుపోయి ఉండకూడదు. పెద్ద హుక్కుకి చిన్న ముద్ద కడితే మొదటిది చెడుతుంది. చిన్న హుక్కుకి పెద్ద ముద్ద కడితే రెండోది చెడుతుంది. చేప ఎన్ని పౌండ్లు అన్న ప్రశ్న ఈ లెక్కలోకి రానే రాదు.

చాలామందికి ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. చిన్న హుక్కు వంగిపోతే? లీడర్ దారం, అంటే హుక్కుకి కట్టే చివరి సన్నటి ముక్క, ఎంత బరువు ఆపుతుందో ముందు చూసుకోండి. చలికాలపు నదుల్లో మనం ఎక్కువగా కట్టేది 8 నుంచి 12 పౌండ్ల లీడర్. మంచి కంపెనీ రెండో నంబరు హుక్కు వంగేలోపే ఆ దారం తెగిపోతుంది. అలాంటప్పుడు లావు తీగతో చేసిన హుక్కు కొనడం సైకిల్‌కి లారీ చక్రం బిగించడం లాంటిది. పైగా లావు తీగ దవడలోకి దిగాలంటే గట్టిగా గుంజాలి, ఆ గుంజుడికి దారం తెగుతుంది.

నంబర్లతో వచ్చే తికమక

కొత్తవాళ్ళు షాపులో పొరపడేది ఇక్కడే. 10, 8, 6, 4, 2, 1 అని అంకె తగ్గేకొద్దీ హుక్కు పెద్దదవుతుంది. 1 దాటాక లెక్క తిరగబడి 1/0, 2/0, 3/0 అని అంకె పెరిగేకొద్దీ పెద్దదవుతుంది. 1/0ని "వన్ ఆట్" అంటారు. అంటే 2 నంబరు, 2/0 వేరువేరు హుక్కులు, వాటి మధ్య 1, 1/0 అని ఇంకో రెండు సైజులున్నాయి. నేను మొదట్లో ఫోన్‌లో ఆర్డర్ పెట్టినప్పుడు ఈ గీత చూసుకోక పాతిక హుక్కుల ప్యాకెట్ తప్పుడుది తెప్పించుకున్నాను. అవి ఇప్పటికీ గరాజ్‌లో ఉన్నాయి. ఇంకో సంగతి, ఒక కంపెనీ 2 నంబరు ఇంకో కంపెనీ 2 నంబరుతో సరిగ్గా సమానంగా ఉండదు. కాబట్టి పక్కపక్కన పెట్టి, కాడకీ మొనకీ మధ్య ఖాళీ ఎంతుందో చూసుకుని కొనండి.

నీళ్ళని బట్టి ముద్ద, ముద్దని బట్టి హుక్కు

నదికి వెళ్ళగానే నేను చేసే మొదటి పని మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నా బూటు కొన కనిపిస్తోందా అని చూడటం.

స్పష్టంగా, గులకరాళ్ళు లెక్కపెట్టగలిగేలా కనిపిస్తే నీళ్ళు తేటగా ఉన్నట్టు. చాన్నాళ్ళు వాన లేక నది తగ్గినప్పుడు ఇలా ఉంటుంది. చేప అన్నీ చూస్తుంది, తొందరగా బెదురుతుంది. ఇలాంటప్పుడు ఒకటి నుంచి మూడు గుడ్లు, లేదంటే బఠాణీ గింజంత ముద్ద చాలు. హుక్కు 8 గానీ 6 గానీ. లీడర్ 6 నుంచి 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్, అంటే నీళ్ళలో సరిగ్గా కనబడని రకం దారం.

బూటు లీలగా కనిపిస్తూ, నీళ్ళు పాచిరంగు ఆకుపచ్చలో ఉంటే అదృష్టం మీదే. ఇక్కడివాళ్ళు దాన్ని "స్టీల్‌హెడ్ గ్రీన్" అని ముద్దుగా పిలుచుకుంటారు. వాన వెలిసి, నది తగ్గుముఖం పట్టిన రెండో మూడో రోజున ఈ రంగు వస్తుంది. రేగిపండంత ముద్ద, అమెరికా నాణేల్లో చెప్పాలంటే నికెల్ నుంచి క్వార్టర్ మధ్యలో. హుక్కు 4 లేదా 2. లీడర్ 10 నుంచి 12 పౌండ్లు. ఏడాదిలో నేను చేపలు పట్టే పది రోజుల్లో ఏడు రోజులు నా దారం చివర 2 నంబరే ఉంటుంది.

బూటు కనబడకుండా పాలు ఎక్కువైన టీ రంగులో నీళ్ళు పారుతుంటే, చేప ఎరని చూసి కాదు, వాసన పట్టి, తగిలితే పట్టుకుంటుంది. అప్పుడు పెద్ద ఉసిరికాయంత ముద్ద కట్టొచ్చు. దానికి 1 లేదా 1/0 హుక్కు కావాలి. లీడర్ 12, 15 పౌండ్లయినా ఫర్వాలేదు. మరీ బురదగా ఉంటే నేనైతే ఇంటికెళ్ళిపోతాను. అలాంటి నీళ్ళలో ఒడ్డుకి ఆనుకునే చేప పడుతుందని చెప్పేవాళ్ళున్నారు, పట్టినవాళ్ళూ ఉన్నారు. చలిలో అంత ఓపిక నాకు లేదు.

ఏ ఆకారం?

ఆక్టోపస్ అని పేరున్నా దానికీ ఆక్టోపస్‌కీ సంబంధం లేదు. పొట్టి కాడ, గుండ్రటి వంపు, కాడ నుంచి వెనక్కి వంచిన కన్ను, అంటే దారం దూర్చే రంధ్రం. ఈ మూడూ గుడ్ల ఎరకి సరిగ్గా సరిపోతాయి. పొట్టి కాడని ముద్ద దాచేస్తుంది. వంపు వెడల్పుగా ఉండటంతో ముద్ద కట్టాక కూడా మొనకి చోటు మిగులుతుంది. వెనక్కి వంచిన కన్ను వల్ల కాడకి చుట్టిన కట్టు తిన్నగా లాగుతుంది. జపాన్ కంపెనీలు గమకట్సు, ఓనర్ రెండూ ఈ రకాన్ని బాగా చేస్తాయి, నదిలో ఎక్కువమంది చేతుల్లో కనిపించేవి అవే. మస్టాడ్, ఈగల్ క్లా కొంచెం చవక. బ్రాండ్ గొడవ కన్నా మొన పదును ముఖ్యం. మొనని బొటనవేలి గోటి మీద పెట్టి మెల్లగా లాగండి. జారితే పారెయ్యండి, గోటిని పట్టుకుంటే ఉంచండి. రాళ్ళకి తగిలిన ప్రతిసారీ ఈ పరీక్ష చెయ్యాలి.

ఎగ్ హుక్కు అని విడిగా అమ్ముతారు. ఇంకా పొట్టి కాడతో చిన్నగా ఉంటుంది. ఒక్క గుడ్డు గుచ్చి ట్రౌట్లని పట్టడానికి భేష్. తేట నీళ్ళలో స్టీల్‌హెడ్‌కి కూడా వాడొచ్చు గానీ కాడ మరీ పొట్టిగా ఉంటే కట్టు కట్టడానికి చోటుండదు. కాడ మీద చిన్న చిన్న ముళ్ళు చెక్కిన బెయిట్‌హోల్డర్ హుక్కు వానపాముకి మంచిది. గుడ్లకి మాత్రం వద్దు, ఆ ముళ్ళు మెత్తటి గుడ్లని చీల్చేస్తాయి. లోపలికి వంగిన మొన ఉండే సర్కిల్ హుక్కు గురించి చాలామంది అడుగుతారు. చేప ఎర తీసుకుని వెళ్ళిపోతుంటే అది దానంతటదే దవడ మూలకి గుచ్చుకుంటుంది, చేప ప్రాణానికి మంచిది. కానీ గుడ్లని నలిపి ఉమ్మేసే చేపకి మనం వెంటనే కర్ర ఎత్తాలి, సర్కిల్ హుక్కుతో అలా ఎత్తితే నోట్లోంచి జారిపోతుంది. ఆ అలవాటు మార్చుకోలేక నేను వదిలేశాను.

రంగు సంగతి చెప్పమంటారా? ఎర్రది, నల్లది, వెండిది అన్నిటితోనూ పట్టాను. ముద్ద వెనక దాగి ఉండేదానికి రంగు గురించి అంత ఆలోచన అక్కర్లేదు.

ఎగ్ లూప్ నేర్చుకోక తప్పదు

హుక్కు మంచిదైనా కట్టు సరిగ్గా లేకపోతే గుడ్లు రెండు విసుర్లలో ఊడిపోతాయి. హుక్కు కంటికి మామూలు ముడి వేసి, గుడ్ల ముద్దని మొనకి గుచ్చేసి విసిరితే ముద్ద ఒకవైపు, హుక్కు ఒకవైపు పోతాయి. నేను మొదటి నెలంతా చేపలకి ఉచిత భోజనం పెట్టాను.

ఎగ్ లూప్ అంటే కాడ వెంట దారాన్ని చుట్టలుగా చుట్టి, కంటికీ చుట్టలకీ మధ్య ఒక ఉచ్చు మిగిలేలా కట్టడం. ఆ ఉచ్చులో గుడ్ల పొర పెట్టి దారం లాగితే బిగుసుకుంటుంది. పొరని దారం నొక్కి పట్టుకుంటుంది, హుక్కు గుడ్లని గుచ్చనక్కర్లేదు.

కట్టే తీరు చెబుతాను, చేతిలో హుక్కు పెట్టుకుని చదవండి. లీడర్‌ని ముందే రెండు మూడు అడుగుల ముక్కగా కత్తిరించుకోవాలి. రెండో కొస కంటిలోంచి దూర్చాలి కాబట్టి దారపు ఉండకి తగిలించి ఉంటే ఇది కుదరదు. ఒక కొసని హుక్కు కంటిలోంచి దూర్చి కాడ వెంట వంపు దాకా తెచ్చి వేలితో నొక్కి పట్టండి. కంటి దగ్గర్నుంచి మొదలుపెట్టి పొడవాటి దారంతో కాడనీ, ఆ కొసనీ కలిపి పది పన్నెండు చుట్లు వంపువైపు చుట్టండి. చుట్లు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉండాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఇప్పుడు లీడర్ రెండో కొసని తీసుకుని వంపువైపు నుంచి అదే కంటిలోంచి పైకి దూర్చి కొంత బయటికి లాగి, కంటికి కిందున్న దారాన్ని కాడకి ఆనించి పట్టుకోండి. మధ్యలో పెద్ద ఉచ్చు వేలాడుతుంది. చుట్లకి ఆనుకుని ఉన్న ఉచ్చు భాగంతో కాడనీ, కాడకి ఆనించిన ఆ దారాన్నీ కలిపి ఇంకో ఐదారు చుట్లు చుట్టండి. చుట్లు జారకుండా పట్టుకుని, కంటి పైన ఉన్న పొడవాటి దారాన్ని మెల్లగా లాగితే ఉచ్చు అంతా చుట్ల కిందికి పాకి కట్టు బిగుస్తుంది. నోటితో కొంచెం తడిపి లాగండి, పొడిగా లాగితే దారం వేడెక్కి బలహీనమవుతుంది. వంపు దగ్గర మిగిలిన మొదటి కొసని కత్తిరించెయ్యండి.

వాడేటప్పుడు లీడర్‌ని కంటిలోంచి వెనక్కి తోస్తే కాడ మీద చిన్న ఉచ్చు లేస్తుంది. అందులో గుడ్ల ముద్ద పెట్టి లాగితే అయిపోయింది. మొదటి పదిసార్లు చిక్కులు పడుతుంది. టీవీ చూస్తూ ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తుంది.

స్నెల్ కట్టు దీనికి అన్నలాంటిది. కాడ చుట్టూ చుట్లే ఉంటాయి గానీ ఉచ్చు ఉండదు. బలంలో తేడా లేదు. పూసలకీ, వల సంచీలకీ (వాటి సంగతి కింద చెబుతాను) స్నెల్ చాలు. గుడ్ల ముద్దకైతే ఎగ్ లూపే.

ఇంకో చిట్కా, ఉచ్చులో గుడ్లతో పాటు చిన్న ఉన్ని పోచ కూడా పెట్టండి. గులాబీ రంగుదో నారింజ రంగుదో. చేప పళ్ళకి ఉన్ని పోగులు చిక్కుకుంటాయి, ఉమ్మేయడానికి ఒక క్షణం ఎక్కువ పడుతుంది. గుడ్లన్నీ కొట్టుకుపోయాక కూడా ఆ రంగు ముక్క ఎరలాగే పనిచేస్తుంది.

మీ దగ్గరున్న గుడ్లు ఎలాంటివి?

ఇది అడక్కుండా కట్టు ఎంచుకోలేం. చేప జన రెండు స్థితుల్లో ఉంటుంది. సముద్రంలోంచి అప్పుడే వచ్చిన ఆడచేప కడుపులో గుడ్లన్నీ పొరకి అంటుకుని రెండు పొడుగాటి తిత్తులుగా ఉంటాయి. మన ఇళ్ళల్లో వేపుడు చేసే జన ఇదే. దీన్ని పొరతో సహా ముక్కలుగా కత్తిరించి ఎగ్ లూప్‌లో పెడితే నిలబడుతుంది. పొర ఉన్నవైపు ఉచ్చులో పడాలి, గుడ్లు బయటివైపు చూడాలి. గుడ్లు పెట్టే సమయం దగ్గరపడిన చేపలో మాత్రం అవి పొరనుంచి విడిపోయి పూసల్లా రాలిపోతుంటాయి. వాటిని ఉచ్చు పట్టుకోలేదు. వాటికి వల సంచీ కావాలి.

వల సంచీ అంటే రెండు మూడు అంగుళాల సన్నటి వల గుడ్డ ముక్కలో ఐదారు గుడ్లు పెట్టి, మెలితిప్పి, సాగే దారంతో ఏడెనిమిది చుట్లు చుట్టి పుటుక్కున తెంపడం. ముడి వెయ్యక్కర్లేదు, ఆ దారం దానంతటదే పట్టుకుంటుంది. లోపల రెండు తేలే పూసలు వేస్తే సంచీ అడుగుకి అంటుకోకుండా కొంచెం పైకి లేస్తుంది. హుక్కుని గుడ్లలోంచి కాకుండా గుడ్డ అంచులోంచి ఒక్కసారి గుచ్చితే చాలు. 8 లేదా 10 నంబరు హుక్కు సరిపోతుంది. పదిసార్లు విసిరినా ఊడదు, అదే దీని సుఖం. దీని లోటు ఏమిటంటే, ఉచ్చులో కట్టిన ముద్దలా పాలూ వాసనా నీళ్ళలోకి అంత ధారాళంగా వదలదు.

మూడోది పూస. ప్లాస్టిక్‌దో, మెత్తటి రబ్బర్‌దో, గుడ్డులా కనిపించే పూస. దీన్ని హుక్కుకి కాదు, హుక్కుకి ఒకటిన్నర రెండు అంగుళాల పైన లీడర్ మీద జారకుండా బిగిస్తారు. చేప పూసని నోట్లో పెట్టుకుని ఉమ్మేసేటప్పుడు, దారం లాగితే వెనకున్న హుక్కు దవడ మూలకి బయటినుంచి గుచ్చుకుంటుంది. గొంతులోకి పోయే అవకాశం చాలా తక్కువ. అలాస్కాలో పూసకీ హుక్కుకీ మధ్య రెండు అంగుళాలు దాటకూడదని నిబంధన. ఎక్కడ చేపలు పట్టినా నేను అదే కొలత పాటిస్తాను, ఎక్కువ దూరం పెడితే హుక్కు చేప కళ్ళకో బుగ్గకో తగులుతుంది. 8, 10 మిల్లీమీటర్ల పూసలు మామూలుగా వాడతారు. బురద నీళ్ళకి 12, 14. హుక్కు 6 నుంచి 2 దాకా.

అసలు గుడ్లా, పూసలా అని ఒకటే ఎంచుకోమంటే? నీళ్ళు చల్లగా, గడ్డకట్టేంత దగ్గరలో ఉన్న జనవరి పొద్దుల్లో అసలు గుడ్లకే నా ఓటు. చేప కదలడానికి బద్ధకిస్తుంది, వాసన లేకపోతే పట్టించుకోదు. మార్చి వచ్చి నీళ్ళు కాస్త వెచ్చబడ్డాక పూసలు వేస్తాను. అప్పటికి సహజంగా పెరిగిన చేపలు ఎక్కువగా వస్తుంటాయి, వాటిని ఎలాగూ వదిలెయ్యాలి, అందుకని గొంతులో గుచ్చని ఎరే మంచిది.

పసిఫిక్ పక్క ఒకలా, ఈరీ సరస్సు పక్క ఒకలా

క్లీవ్‌ల్యాండ్‌లో ఉండే మా తమ్ముడు నేను చెప్పింది విని 2 నంబరు హుక్కులకి రేగిపండంత ముద్దలు కట్టి రాకీ రివర్‌కి పోయాడు. సాయంత్రం ఫోన్ చేసి, "అన్నయ్యా, నీ సలహా నీ ఊళ్ళోనే పనిచేస్తుందేమో" అన్నాడు. తప్పు నాదే. అక్కడి నదులు వేరు.

ఒహాయో రాష్ట్రం రాకీ, షాగ్రిన్, గ్రాండ్, వెర్మిలియన్ లాంటి నదుల్లో స్టీల్‌హెడ్ పిల్లల్ని వదులుతుంది. అవి ఈరీ సరస్సులో పెరిగి తిరిగొస్తాయి. సముద్రం మొహం చూడని చేపని స్టీల్‌హెడ్ అనొచ్చా అని పడమటివాళ్ళు ఎగతాళి చేస్తారు, దారం చివర లాగుతున్నప్పుడు ఆ తేడా ఏమీ తెలియదు. ఆ నదులు చాలావరకు పలుచటి పలకరాయి మీద పారే లోతు తక్కువ నీళ్ళు. వాన పడితే ఒక్కసారి పొంగి, రెండు మూడు రోజుల్లో అద్దంలా తేటబడతాయి. స్కైకోమిష్, కౌలిట్జ్ లాంటి పెద్ద వేగమైన నదులతో పోలికే లేదు. అందుకే అక్కడ వల సంచీలు, 8, 10 నంబరు హుక్కులు, 4 నుంచి 8 పౌండ్ల లీడర్, పొడుగాటి మెత్తటి కర్ర. డైమ్ నాణెమంత సంచీ అక్కడ మామూలు, తేట నీళ్ళలో ఇంకా చిన్నది. మా తమ్ముడు రెండో వారం అలా కట్టి పట్టాడు. ఫోటో పంపాడు, సలహా సంగతి ఎత్తలేదు.

కాబట్టి యూట్యూబ్‌లో ఎవరో కట్టింది చూసి కట్టేముందు వాళ్ళు ఏ నది ఒడ్డున నిలబడ్డారో చూడండి.

బెండు కిందా, అడుగున దొర్లించడమా

బెండు కింద వేలాడదీసే పద్ధతిలో ఎర అడుగుకి ఒక అడుగు పైన తేలుతూ పోతుంది. హుక్కు రాళ్ళకి తక్కువ తగులుతుంది, పదును ఎక్కువసేపు ఉంటుంది, చిన్న హుక్కు సరిపోతుంది. కొత్తవాళ్ళు దీంతోనే మొదలుపెట్టాలి, బెండు మునిగితే కర్ర ఎత్తాలి, అంతే. లీడర్ అడుగున్నర నుంచి రెండున్నర అడుగులు.

అడుగున సీసం దొర్లించే డ్రిఫ్ట్ పద్ధతిలో సీసం రాళ్ళ మీద టక్ టక్ మంటూ పోతుంది, ఆ టకటక ఆగితే చేపా రాయా అన్నది చేతికి తెలియాలి. ఇది రావడానికి ఒక సీజన్ పట్టింది నాకు. ఈ పద్ధతిలో హుక్కు రాళ్ళ సందుల్లో పడకుండా లీడర్ మీద హుక్కుకి పైన కార్కీ అనే చిన్న తేలే బంతి ఎక్కిస్తారు. హుక్కు, గుడ్లు కలిపిన బరువుని అది కాస్త మొయ్యగలగాలి. పెద్ద హుక్కు వేస్తే పెద్ద కార్కీ కావాలి, పెద్ద కార్కీ వేస్తే మొన ఖాళీ తగ్గుతుంది. చూశారా, మళ్ళీ చిన్న హుక్కు దగ్గరికే వచ్చాం.

ముల్లు, రెక్క, నిబంధనలు

వాషింగ్టన్‌లో చాలా నదుల్లో స్టీల్‌హెడ్‌కి ముల్లు లేని ఒంటి హుక్కే వాడాలి. ముల్లున్న హుక్కు కొన్నా ఫర్వాలేదు, మొన వెనక ముల్లుని పట్టకారుతో నొక్కేస్తే చాలు. నొక్కాక దూది మీద గుచ్చి లాగండి, పోగులు పట్టుకుంటే ఇంకా మిగిలి ఉన్నట్టు. ముల్లు లేకపోతే చేప జారిపోతుందని భయపడేవాళ్ళకి ఒకటే మాట, దారం బిగువు వదలకండి. జారేది బిగువు వదిలినప్పుడే.

కొన్ని నదుల్లో, కొన్ని నెలల్లో గుడ్లే కాదు, ఏ రకం సహజ ఎరా వాడకూడదు. కారణం ఉంది. ఉమ్మేయకుండా చేప ఒక్కోసారి గుడ్లని లోపలిదాకా తీసుకుంటుంది కాబట్టి హుక్కు గొంతులో దిగే అవకాశం ఎక్కువ, అలాంటి చేపని వదిలినా బతకడం కష్టం. ప్యూజెట్ సౌండ్ ప్రాంతపు స్టీల్‌హెడ్‌ని 2007లో అమెరికా ప్రభుత్వం ముప్పులో ఉన్న జాతుల చట్టం కింద చేర్చింది. అందువల్ల రూల్స్ సీజన్ మధ్యలో కూడా మారుతుంటాయి, బయల్దేరే ముందు రాత్రి రాష్ట్ర మత్స్యశాఖ వెబ్‌సైట్ చూసుకోండి. చేప వీపు మీద తోకకి దగ్గరగా ఉండే చిన్న కండ రెక్క కోసి, మాని ఉంటే అది హేచరీలో పెంచిన చేప, తెచ్చుకోవచ్చు. ఆ రెక్క నిండుగా ఉంటే నీళ్ళలోంచి పైకెత్తకుండానే వదిలెయ్యాలి. హుక్కు గొంతులో దిగితే పీకకండి, దారాన్ని దగ్గరగా కత్తిరించండి. హుక్కు పోతే పోయింది.

గుడ్లు ఊరేసుకోవడం గురించి రెండు మాటలే. చేప పట్టగానే మొప్పలు కోసి రక్తం కారనివ్వాలి, లేకపోతే గుడ్లలో రక్తం గడ్డకట్టి పాడవుతాయి. పేపర్ టవల్‌తో తుడిచి, బోరాక్స్ కలిసిన క్యూర్ పొడి చల్లి, జిప్ సంచీలో పెట్టి ఒక రోజు ఫ్రిజ్‌లో తిప్పుతూ ఉంచితే గట్టిపడతాయి. చేతికి గ్లౌజులు వేసుకోండి, ఆ గులాబీ రంగు వారం దాకా పోదు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో పేరు రాయండి. మా ఇంట్లో ఒకసారి దాన్ని టూటీ ఫ్రూటీ అనుకుని ఐస్‌క్రీమ్ మీద వేసుకోబోయిన బంధువు ఉన్నారు. అప్పట్నుంచి నా గుడ్లకి గరాజ్‌లో వేరే ఫ్రిజ్.

మొదటిసారి కొనేవాళ్ళకి నా పట్టీ చిన్నది. పడమటి వైపైతే 2 నంబరు ఆక్టోపస్ పాతిక, 6 నంబరు పది, 1/0 ఒక చిన్న ప్యాకెట్. ఈరీ సరస్సు వైపైతే 8, 10 నంబర్లు చెరో పాతిక, 6 నంబరు ఐదు. లీడర్ దారం మంచిది ఒక ఉండ. ఇవన్నీ కొనుక్కుని ఒడ్డున కట్టుకుందాంలే అని వెళ్ళకండి. డిసెంబరు పొద్దున నీళ్ళలో తడిసిన వేళ్ళతో ఎగ్ లూప్ కట్టడం నావల్ల ఎప్పుడూ కాలేదు. ముందురోజు రాత్రి ఇంట్లోనే ఓ ఇరవై లీడర్లు కట్టి, పిల్లలు ఈతకొలనులో వాడే పొడుగాటి నురగ గొట్టం ఉంటుంది కదా, దాన్ని జానెడు ముక్క కోసి దానికి చుట్టేసుకోండి. హుక్కు మొన నురగలో గుచ్చి, దారం చుట్టి, చివర గుండుసూది. సైజు ఏదో నురగ మీద పెన్నుతో రాసుకోండి, పొద్దున చీకట్లో 2 ఏదో 6 ఏదో వేళ్ళకి తెలియదు.